నీళ్ళు మూయడం తేలికే, తెరిచే రోజుదే గొడవ

"ఈ భాగంలో ఆరు నెలలు వేట బంద్" అని ఒడ్డున బోర్డు పాతడానికి ఒక పూట చాలు. ఊరంతా వస్తుంది, అధికారి వస్తాడు, ఫొటోలు దిగుతారు. ఆరు నెలలయ్యాక తెరిచే రోజు పొద్దున ఎవరు ముందు దిగాలి, ఏ సామానుతో దిగాలి, పక్క ఊరివాళ్ళు రావచ్చా, పట్టిన సరుకు ఎక్కడ తూచాలి అన్నవి ముందే తేల్చుకోకపోతే అన్నాళ్ళ ఓపికా రెండు రోజుల్లో చెల్లిపోతుంది. చిన్న మత్స్యకారుల వేటను ఊరూ ప్రభుత్వమూ కలిసి నడిపించడం గురించి వచ్చే రాతలు చాలావరకు బోర్డు పాతిన రోజు దగ్గరే ఆగిపోతాయి. ఈ టపా ఆ బోర్డు వెనకాల జరగాల్సిన పని గురించి.

కో-మేనేజ్‌మెంట్ అనే మాటకి తెలుగులో సహ నిర్వహణ అంటున్నారు. చట్టం, కేసు పెట్టే అధికారం, సంతకం ప్రభుత్వం దగ్గర ఉంటాయి. ఏ రాయి పక్కన ఏ నెలలో ఏ చేప గుడ్లు పెడుతుందో, రాత్రి ఎవరి పడవ ఎటు తిరిగిందో వేటకెళ్ళేవాళ్ళకి తెలుస్తుంది. ఈ ఇద్దరూ కూర్చుని కట్టుబాటు రాసుకుని, దాన్ని మార్చే హక్కు కూడా ఇద్దరికీ ఉంటే అది సహ నిర్వహణ. అధికారి ఇంటి దగ్గర రాసుకొచ్చిన కాగితం చదివి వినిపించి ఊరివాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుంటే దానికి వేరే పేరు వెతుక్కోవాలి. ఇదేదో చాదస్తం కాదు. ప్రపంచంలో నీళ్ళనుంచి పట్టే చేపలో కనీసం 40 శాతం చిన్న మత్స్యకారులదే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్ళు 58 దేశాల్లో లెక్క తీస్తే, చిన్న వేటలో దాదాపు 40 శాతం పట్టుబడికి కాగితం మీద సహ నిర్వహణ కనబడింది. మత్స్యకారుల పాత్ర గట్టిగా ఉన్నది అందులో సుమారు సగానికే.

హద్దు కంటే ముందు జాబితా రాయాలి. ఈ నీళ్ళలో వేటాడే హక్కు ఎవరిదో పేరుపేరునా రాసుకోని చోట, మూసి పెంచిన చేపని మొదట వచ్చిన బయటివాడు పట్టుకుపోతాడు. మళ్ళీ మూద్దామంటే ఊళ్ళో ఎవరూ కదలరు. జాబితా రాసేటప్పుడు జరిగే తప్పు దాదాపు ప్రతిచోటా ఒకటే: పడవల రిజిస్టరు ముందు పెట్టుకుని రాస్తారు. అప్పుడు అందులో మిగిలేది పడవ యజమానులు. పడవ మీద కూలికెళ్ళేవాళ్ళు, ఆటు సమయంలో నడుచుకుంటూ వెళ్ళి గుల్లలూ పీతలూ ఏరుకునే ఆడవాళ్ళు, సీజనుకి వలస వచ్చేవాళ్ళు, ఒడ్డున కొనేవాళ్ళు అందులో ఉండరు. దాని ఫలితం మొదటి మీటింగులోనే తెలిసిపోతుంది. ఏ భాగం మూద్దాం అని అడగ్గానే యజమానులు ఒడ్డుకి దగ్గరగా ఉన్న లోతులేని చోటు చూపిస్తారు. వాళ్ళ వల అక్కడ పడదు కాబట్టి వాళ్ళకి పోయేదేమీ లేదు. అక్కడ ఏరుకునే ఆడవాళ్ళకి మాత్రం ఆ రోజునుంచి పొయ్యి వెలగదు.

దీనికి మందు కమిటీ కూర్పులోనే పెట్టాలి. తూర్పు ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు చుట్టూ పెట్టిన బీచ్ మేనేజ్‌మెంట్ యూనిట్ల (రేవు నిర్వహణ సంఘాల) మార్గదర్శకాలు ఈ విషయంలో ముక్కుసూటిగా ఉన్నాయి. కమిటీలో 9 నుంచి 15 మంది ఉండాలి. పడవ యజమానులు 30 శాతం, పడవ మీద పనిచేసేవాళ్ళు 30 శాతం, చేపల వ్యాపారులు 10 శాతం, వల అల్లేవాళ్ళూ పడవ కట్టేవాళ్ళూ లాంటి మిగతా పనులవాళ్ళు 30 శాతం. వీళ్ళలో కనీసం ముగ్గురు ఆడవాళ్ళు. శాతాలు రాసినంత మాత్రాన పెత్తనం మారిపోదు, యజమాని ఎదుట కూలీ నోరు విప్పడం అంత తేలిక కాదు. అందుకే ఏ చోటు మూయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఒక్కో వర్గాన్ని విడివిడిగా కూర్చోబెట్టి వాళ్ళ పటం వాళ్ళ చేత గీయించి, తర్వాత ఆ పటాలను పక్కపక్కన పెట్టడం మంచిది. గాంబియాలో ఇంకో దారి తీశారు. 2012లో తన్బి మడ అడవుల్లో ఆలుచిప్పలు, గుల్లల మీద వేట హక్కుని ఆడవాళ్ళ సంఘానికే ప్రత్యేకంగా రాసిచ్చారు.

ఇక హద్దు. నీటి మీద గీత గీయలేం కాబట్టి మూడు గుర్తులు ఒకదానికొకటి సాక్ష్యంగా ఉండాలి: జీపీఎస్ అంకెలు, ఒడ్డున కనిపించే ఆనవాళ్ళు, నీటిలో బోయలు (లంగరు రాయికి కట్టి తేలేలా వదిలిన గుర్తులు). జీపీఎస్ అంకెలు కోర్టుకి పనికొస్తాయి, పడవ మీదున్నవాడికి కాదు. వాడికి కావలసింది "ఆ గుడి గోపురం ఈ తాటిచెట్టు వెనక్కి వచ్చిందంటే హద్దు దాటావు" అనే రకం గుర్తు. ఇలా ఒడ్డునున్న రెండు వస్తువులను ఒక వరుసలో కలిపి చూడటం వేటకెళ్ళేవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య, దాన్నే వాడుకోవాలి. హద్దు గీత వంకరటింకరగా నీటి కింది దిబ్బ అంచు వెంబడి పోతే పటంలో అందంగా ఉంటుంది, నీటిలో మాత్రం ఎవరికీ అర్థం కాదు. తిన్నని గీతలు, తక్కువ మూలలు. బోయ విషయంలో తరచూ జరిగే పొరపాటొకటుంది: ఆటు సమయంలో లోతు కొలిచి ఆ కొలతకే తాడు కడతారు. పోటు వచ్చేసరికి బోయ నీటి కింద ఉంటుంది, లేదా లంగరు రాయిని ఎత్తుకుని కొట్టుకుపోతుంది. పెద్ద పోటు నాటి లోతు కొలిచి, అల ఊపుకి తాడు ఇంకాస్త వదలాలి. రాయి దగ్గర తాడు ఒరుసుకుని తెగిపోతుంది కాబట్టి ఆ చివర కొంతమేర గొలుసు వేయాలి. ఏటా ఒకసారి పైకి తీసి నాచు గీకాలి, లేకపోతే ఆ బరువుకే మునుగుతుంది.

హద్దు లోపల కూడా తగువులుంటాయి, ఎందుకంటే అన్ని చోట్లా ఒకేలా చేప పడదు. టర్కీలో అలన్యా మత్స్యకారులు 1970ల్లో తమంతట తాము చేసుకున్న ఏర్పాటు నాకు చాలా ఇష్టం, అంత తక్కువ ఖర్చుతో నడిచే పద్ధతి ఇంకోటి చూపించడం కష్టం. ఏటా సెప్టెంబరులో అర్హులైన మత్స్యకారుల పేర్లు రాస్తారు. వల వేసే చోట్లన్నిటికీ పేర్లు పెట్టి ఇంకో జాబితా రాస్తారు. ఒకరి వల పక్కవాడి చోటికి వచ్చే చేపని అడ్డుకోకుండా ఆ చోట్ల మధ్య ఎడం ఉంటుంది. చీటీలు తీస్తారు. ఎవరికి ఏ చోటు వస్తే అక్కడ మొదలుపెట్టి, రోజుకొక చోటు చొప్పున జనవరి దాకా తూర్పుకి జరుగుతూ పోతారు. జనవరి నుంచి మే దాకా పడమరకి జరుగుతారు, ఎందుకంటే చేప కూడా అటూ ఇటూ అలాగే వలసపోతుంది. మంచి చోటు అందరికీ వంతుల వారీగా వస్తుంది. కాపలా ప్రత్యేకంగా అక్కర్లేదు. మంచి చోటు వంతు వచ్చినవాడు తెల్లారేసరికి అక్కడ ఉంటాడు, ఇంకెవరైనా ఉంటే వాడే పట్టుకుంటాడు. ఒప్పుకున్న జాబితాని మేయరు దగ్గరా పోలీసుల దగ్గరా దాఖలు చేస్తారు. ప్రభుత్వం చేసిన పని ఆ కాగితం భద్రపరచడం, తగువొస్తే దాన్ని తీసి చూపించడం.

కట్టుబాటు ఎలాంటిది రాసుకోవాలి? నా మటుకు ఒకే పరీక్ష: పక్క పడవలోనో ఒడ్డునో ఉన్న మనిషి చూసి చెప్పగలిగేదై ఉండాలి. "రోజుకి పడవకి ఇన్ని కిలోలు" అన్నది ఆ పరీక్షలో తప్పుతుంది. వందలాది పడవలు పదుల రేవుల్లో దిగేచోట ఎవరు తూస్తారు? పైగా కోటా దాటిందనుకుంటే చిన్న చేపల్ని చచ్చాక నీటిలో పారేసి పెద్దవాటిని ఉంచుకుంటారు. ఫలానా వల వద్దు, ఫలానా చోటు వద్దు, ఫలానా నెల వద్దు, ఈ కర్ర కంటే చిన్నది వద్దు లాంటివి కంటికి కనబడతాయి. అమెరికాలో మెయిన్ తీరపు లాబ్‌స్టర్ వేటలో ఇలాంటిదొకటి ఉంది. గుడ్లతో ఉన్న ఆడది బోనులో పడితే దాని తోక రెక్క మీద వీ ఆకారంలో చిన్న గంటు పెట్టి నీటిలో వదిలేస్తారు. తర్వాత ఎవరి బోనులో పడినా, అప్పుడు గుడ్లు లేకపోయినా, ఆ గంటు ఉంటే వదిలేయాల్సిందే. ఒకడు పెట్టిన గుర్తుని ఇంకొకడు గౌరవించడమే అక్కడ కట్టుబాటు, దాన్ని చూడటానికి తూనికా వద్దు, కాగితమూ వద్దు.

వల కన్ను కొలవడం దగ్గర జరిగే గొడవలు ఇన్నన్ని కావు. కన్నుని ఒక ముడి నుంచి పక్క ముడికి కొలిచేవాళ్ళు కొందరు, సాగదీసి ఎదురు ముడికి కొలిచేవాళ్ళు కొందరు. రెండో కొలత మొదటిదానికి రెట్టింపు వస్తుంది. కాబట్టి కట్టుబాటులో 'సాగదీసిన కన్ను' అని స్పష్టంగా రాయాలి. వలని తడిపి, అంచు తాడుకి దూరంగా, మాసికలు లేని చోట వరసగా 10 కళ్ళు బిగించి పట్టుకుని మొత్తం కొలిచి పదితో భాగించాలి. ఒక్క కన్నే కొలిస్తే వేలితో ఎంత బలంగా లాగారన్నదే కొలత అవుతుంది. ఇంకొక సంగతి, నిలువు వల జల్లెడలాంటిది కాదు. కన్నుకి సరిపడే చుట్టుకొలత ఉన్న చేపే తల దూర్చి ఇరుక్కుంటుంది. చిన్నది దూరిపోతుంది, బాగా పెద్దది తల దూర్చలేక తప్పించుకుంటుంది. కన్ను పెంచుతూ పోతే చిన్నవి బతుకుతాయి నిజమే, పెద్ద తల్లి చేపలు దొరకడం మొదలవుతుంది. చాలా జాతుల్లో బరువు రెట్టింపైన తల్లి రెట్టింపుకి మించి గుడ్లు పెడుతుంది. అందుకని కింది హద్దుతో పాటు పై హద్దు కూడా పెట్టుకోవడం కొన్ని చేపలకి అవసరం.

కింది హద్దు ఎంత పెట్టాలో పుస్తకంలో చూసి రాయకండి. ఒకే జాతి ఒక్కోచోట ఒక్కో పొడవుకి ఈడుకొస్తుంది. ఒడ్డున కోసే చేపల్లో కనీసం వంద, చిన్నా పెద్దా అన్నీ కలిసేలా చూసి, పొడవు కొలిచి, పొట్టలో గుడ్లో, మగదైతే పాలో (వీర్యం) ఉన్నాయా లేదా రాసుకుంటే చాలు. ఏ పొడవు దగ్గర సగం చేపలు ఈడుకొచ్చి ఉన్నాయో అదే గీత. ఈ పని గుడ్లు పెట్టే కాలంలోనే చేయాలి. మిగతా నెలల్లో ఈడుకొచ్చిన చేప పొట్ట కూడా ఖాళీగా, పిల్లచేపలాగే కనబడుతుంది, దాంతో గీత తప్పుగా పైకి పోతుంది. వచ్చిన పొడవుని చెక్క పట్టీ మీద గంటు కొట్టి పడవకొకటి ఇస్తే సరి, అంకెలతో పని లేదు.

లెక్క సంగతికొస్తే ముందు అమెజాన్ చెప్పుకోవాలి. పిరరుకు అని మూడు మీటర్ల దాకా పెరిగే మంచినీటి చేప అక్కడ ఉంది. విపరీతంగా పట్టేయడంతో బ్రెజిల్‌లోని అమెజోనాస్ రాష్ట్రంలో 1996లో దాని వేట నిషేధించారు. ఈ చేపకి మొప్పలతో పాటు గాలి కూడా కావాలి, కొన్ని నిమిషాలకొకసారి పైకొచ్చి గుక్క తీసుకుని పోతుంది. పాత వేటగాళ్ళకి ఆ చప్పుడూ ఆ సుడీ చూస్తే చేప సైజు తెలిసిపోతుంది. మమిరావా అభయారణ్యంలో 1999 నుంచి దీన్నే లెక్కింపు పద్ధతిగా మార్చారు. నదిలో నీరు తీసి సరస్సులు విడిపోయిన రోజుల్లో, సరస్సుని రెండు హెక్టార్లకి మించని ముక్కలు చేసుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క ముందు సరిగ్గా 20 నిమిషాలు కూర్చుని పైకొచ్చిన చేపల్ని రెండు గడుల్లో రాస్తారు: మీటరు నుంచి మీటరున్నర దాకా పిల్లవి, మీటరున్నర దాటితే పెద్దవి. ఆ తర్వాత అందరూ ఒకేసారి పక్క ముక్కకి జరుగుతారు. ఎవరైనా ముందుగా జరిగితే ఒకే చేప రెండు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. గాలి వీచే రోజు నీరు కదిలి చప్పుళ్ళు కలిసిపోతాయి, ఆ రోజు లెక్క పెట్టకూడదు. శాస్త్రజ్ఞులు అవే సరస్సుల్లో చేపలకి గుర్తులు వేసి మళ్ళీ పట్టే పద్ధతిలో సరిచూస్తే, అనుభవమున్న వేటగాళ్ళ లెక్క దగ్గరదగ్గరగా కుదిరింది.

ఆ లెక్కనుంచి నేరుగా కోటా వస్తుంది. పెద్ద చేపల్లో 30 శాతానికి మించకుండా ఆ ఏటికి పట్టొచ్చు, అనుమతి కేంద్ర పర్యావరణ సంస్థ ఇస్తుంది. మీటరున్నరకి తక్కువది ముట్టకూడదు. డిసెంబరు నుంచి మే దాకా పూర్తిగా బంద్. పట్టిన ప్రతి చేపకీ నంబరున్న బిళ్ళ తగిలించాలి. బిళ్ళ లేని చేప కొన్నవాడు కూడా దొరికిపోతాడు. కొన్ని ఏళ్ళలోనే అక్కడ చేప ఎన్నో రెట్లు పెరిగింది. ఎక్కువ లెక్క చూపిస్తే ఎక్కువ కోటా వస్తుందన్న ఆశ ఈ పద్ధతిలోనే పొంచి ఉంది. దాన్ని ఆపాలంటే లెక్కకి కూర్చునేవాళ్ళలో సగం మంది పక్క ఊరివాళ్ళుండాలి, వాళ్ళ సరస్సుకి వీళ్ళు పోవాలి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. లెక్కలో చేప పెరుగుతూ, పట్టిన చేపల పొడవు మాత్రం ఏటికేడు తగ్గుతోందంటే పుస్తకంలో ఏదో అబద్ధం దూరినట్టే.

అన్ని చేపలూ పైకొచ్చి గుక్క తీసుకోవు కదా. మిగతావాటికి ఒడ్డున పుస్తకమే దిక్కు. అందులో కిలోలు ఒక్కటే రాస్తే పనికిరాదు. నిరుడు పది పడవలు వంద కిలోలు తెచ్చాయి, ఈ ఏడు ఇరవై పడవలు వంద తెచ్చాయి, కిలోలు చూస్తే అంతా బాగానే ఉంది. పడవ, మనుషులు ఎందరు, ఏ వల, ఎన్ని బారలు, నీటిలో ఎన్ని గంటలు, బరువు, అందులో ఓ ముప్పై చేపల పొడవు – ఇంతే చాలు, ఒక పేజీకి సరిపోతుంది. ఖాళీగా వచ్చిన పడవని కూడా రాయాలి, దాన్ని వదిలేసే అలవాటు అందరికీ ఉంది. రోజూ రాయడం కుదరకపోతే అయిదు రోజులకొకరోజు అని ముందే తేదీలు వేసుకోవాలి. చేప బాగా పడిన రోజే పుస్తకం తెరిస్తే ఎప్పుడూ పండగే కనబడుతుంది. గుంపులు కట్టే చేపల విషయంలో గంటకి పడే కిలోలని కూడా పూర్తిగా నమ్మకూడదు. చేప సగానికి తగ్గినా మిగిలిన సగం అదే చోట గుంపు కడుతుంది, ఆ గుంపు దొరికినంత కాలం వల నిండుతూనే ఉంటుంది, ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అలాంటివాటికి పొడవులు, గుంపుల సంఖ్య చూడాలి.

తప్పు (జరిమానా) కట్టించడం దగ్గర సున్నితంగా ఉండాలి. మొదటిసారికే వల కాల్చేస్తాం అని రాసుకున్న ఊళ్ళో ఎవరిమీదా తీర్పు పడదు, ఎందుకంటే దొరికినవాడు ఎవరికో మేనల్లుడే. మొదటిసారి అందరి ముందు మందలింపు, రెండోసారి ఒక్క వేటకి వచ్చే రాబడి కంటే కాస్త ఎక్కువ తప్పు, మూడోసారి జాబితాలోంచి ఒక సీజను తీసేయడం – ఇలా మెట్టు మెట్టుగా ఉంటేనే తీర్పు చెప్పేవాళ్ళకి నోరొస్తుంది. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో గోడమీద రాయాలి. పట్టుకున్నవాడికే అందులో వాటా అంటే లేనిపోని కేసులు పుడతాయి, అంతా కమిటీ ఖర్చులకే అని చెబితే ఊరు నమ్మదు. మడగాస్కర్‌లో 'దీనా' అనే ఊరి కట్టుబాట్లను కోర్టులో దాఖలు చేసి ఆమోదం తెచ్చుకుంటే వాటికి చట్టబలం వస్తుంది. ఇది లేని చోట కాపలాకెళ్ళినవాళ్ళు బయటి పడవ వల లాక్కుంటే ఆ పడవ యజమాని వీళ్ళమీదే దొంగతనం కేసు పెడతాడు. ఫిలిప్పీన్స్‌లో 'బంతాయ్ దగాత్' కాపలాదారులకి ప్రభుత్వం అధికారికంగా బాధ్యత అప్పగించడం వెనక ఉన్న అవసరం ఇదే. ఊరివాళ్ళని ఊరు అదుపు చేయగలదు. ట్రాలర్లని, అంటే వల ఈడ్చుకుపోయే పెద్ద మరపడవల్ని, చేయలేదు, అది ప్రభుత్వం చేయాల్సిన పని. అందుకే ఫిలిప్పీన్స్ 1998 చట్టంలో తీరం నుంచి 15 కిలోమీటర్లు, చిలీలో 5 నాటికల్ మైళ్ళు చిన్న వేటకి విడిచిపెట్టారు. ఆ గీత లోపలికి ట్రాలరు వస్తున్నంత కాలం ఊరివాళ్ళకి వల కన్ను గురించి పాఠాలు చెప్పడం అన్యాయం.

చిలీలో 'లోకో' అనే సముద్రపు నత్తని 1989 నుంచి 1992 దాకా దేశమంతా మూసేశారు. 1991 చట్టంతో మత్స్యకార సంఘాలకి సముద్రపు అడుగున హద్దులున్న ముక్కలు అప్పగించే పద్ధతి వచ్చింది. ముందు ఎన్ని ఉన్నాయో సర్వే, తర్వాత ప్రణాళిక, దాన్నిబట్టి కోటా. ఎక్కువ ప్రాంతాల్లో 10 సెంటీమీటర్లకి తక్కువది తీయకూడదు. చాలాచోట్ల బాగా పనిచేసింది. దాని బలహీనత కూడా అక్కడే పుట్టింది. కాపలా ఉన్న ముక్కలో నత్త లావుగా ఉంటుంది, కాపలా లేని చోట ఉండదు, కాబట్టి దొంగ రాత్రిపూట నేరుగా కాపలా ఉన్న ముక్కకే వస్తాడు. డీజిలు, రాత్రి జీతం, సర్వే చేసే నిపుణుడి ఫీజు కలిపితే చిన్న ముక్కలకి గిట్టుబాటు కాదు. ముక్క తీసుకునే ముందే ఈ మూడు ఖర్చులూ ఒక కాగితం మీద వేసుకుని ఏటా వచ్చే కోటా రాబడితో పోల్చాలి. ఏదో సంస్థ ప్రాజెక్టు డబ్బుతో డీజిలు కొట్టించుకుంటే ఆ ప్రాజెక్టు ముగిసిన నెలలోనే కాపలా ఆగిపోతుంది.

ఇప్పుడు తెరిచే రోజు. మడగాస్కర్ నైరుతి తీరంలో అందవదువాక దగ్గర 2004 నవంబరులో ఒక పగడపు దిబ్బని ఆక్టోపస్ కోసం ఏడు నెలలు మూశారు. అది చూసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ మొదలుపెట్టాయి. సాధారణంగా ఊరి వేట ప్రాంతంలో అయిదో వంతుని రెండు నుంచి ఏడు నెలలు మూస్తారు. ఆక్టోపస్‌కి ఇది కుదరడానికి కారణం దాని బతుకే. ఏడాది, ఏడాదిన్నర కంటే బతకదు, నెలల్లో కిలోలకొద్దీ పెరుగుతుంది, ఆడది గుడ్లకి కాపలా కాసి చచ్చిపోతుంది. దాన్ని కొన్ని నెలలు వదిలేస్తే బరువు పెరుగుతుంది, మరీ ఎక్కువ వదిలేస్తే ముసలిదై పోతుంది. ఇదే పద్ధతిని బొంత (గ్రూపర్) లాంటి, రాళ్ళ మధ్య బతికే చేపలకి పెడితే నాశనమే. అవి ఈడుకి రావడానికే ఏళ్ళు పడుతుంది, ఆరు నెలలు మూసి తెరిస్తే ఏళ్ళ తరబడి దాక్కున్న తల్లులన్నీ రెండు రోజుల్లో వలలో ఉంటాయి. వాటికి ఎప్పటికీ తెరవని చోటు కావాలి, ఫిలిప్పీన్స్‌లో ఆపో దీవి 1982 నుంచి నడుపుతున్నట్టు.

ఎనిమిదేళ్ళలో జరిగిన 36 ఆక్టోపస్ మూసివేతల లెక్క బయటికొచ్చింది. మూయకముందు నెలతో పోలిస్తే తెరిచిన నెలలో ఆ చోటు నుంచి వచ్చిన సరుకు 718 శాతం పెరిగింది. మనిషి రోజుకి పట్టేది 87 శాతం పెరిగింది. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. సరుకు ఎనిమిది రెట్లు దాటింది, మనిషి వాటా రెండింతలకి కూడా రాలేదు. అంటే దిబ్బ మీద దిగిన మనుషుల వేట నాలుగు రెట్లకి పైగా పెరిగింది. అంత జనం ఇనుప చువ్వలతో ఒకేసారి పగడాల మీద నడిస్తే పగడం విరుగుతుంది. ఆక్టోపస్ గూడు పగలగొట్టి లాగితే ఇంకొకటి వచ్చి చేరే చోటు ఉండదు.

కాబట్టి తెరవడానికి నెల ముందే కూర్చోవాలి. తేదీ అమావాస్యకో పౌర్ణమికో పెద్ద ఆటు పడే రోజు పెట్టాలి, అప్పుడే దిబ్బ బయటపడి కాళ్ళతో వెళ్ళేవాళ్ళకి కూడా అందుతుంది. లేకపోతే పడవా, నీళ్ళలో మునిగి చూసే అద్దమూ ఉన్నవాళ్ళే తీసుకుపోతారు. నీరు ఎంత తీశాక దిగాలో ఒక రాతికి రంగు వేసి, అది బయటపడ్డాకే అని చెప్పాలి, గడియారం పెడితే తగువే. పక్క ఊరివాళ్ళు మీకు కాపలాలో సాయపడి ఉంటే మొదటి రోజే పిలవాలి, లేకుంటే మూడో రోజు. ఏదైనా సరే వాళ్ళకి ముందే చెప్పాలి. గూడు పగలగొట్టకూడదన్న మాట ఆ రోజు పొద్దున మళ్ళీ గట్టిగా అనాలి. మడగాస్కర్‌లో కనీస బరువు 350 గ్రాములు. కానీ చువ్వ దిగాక దాన్ని నీటిలో వదిలి లాభమేముంది? అందుకే ఆ కట్టుబాటు కొనేవాడి మీద పెట్టాలి. తూనిక ఒక్కచోటే, చిన్నదానికి ధర లేదు. కొనేవాళ్ళు కనీసం ఇద్దరుండాలి, ధర ముందే రాసుకోవాలి, ఐసు ముందురోజు రాత్రికే ఒడ్డుకి చేరాలి. ఎనిమిది రెట్లు సరుకు వచ్చిన రోజు ఐసు లేకపోతే మధ్యాహ్నానికి కొనేవాడు చెప్పిందే ధర.

ఎప్పుడు మళ్ళీ ఆపాలన్నది కూడా అప్పుడే రాయాలి. మనిషికి రోజుకి పడేది మూయకముందు స్థాయికి దిగిన రోజు ఆ చోటు మిగతా నీళ్ళలాంటిదే అయిపోయింది. ఆ సంగతి తూనిక పుస్తకంలో తెలుస్తుంది, అందుకని సాయంత్రం తూనిక అయ్యాక మొత్తాన్ని దిగిన మనుషుల సంఖ్యతో భాగించి పలక మీద రాసి రేవులో వేలాడదీయాలి. మొదటి రోజు అంకె చూసి అందరూ ఉత్సాహపడతారు. మూడో రోజు, నాలుగో రోజు అంకె పడిపోతుంది. తర్వాత మూసే తేదీ గురించి మాట్లాడాల్సింది ఆ నాలుగో రోజు సాయంత్రం, పలక ముందే కూర్చుని, కొనేవాళ్ళ లారీ ఇంకా కదలక ముందు.